నర్సంపేట వైపు పిల్లల హోముకు పద్నాలుగు మందిమి పరిచర్యకు వెళ్తున్నాం: ఏం చేస్తే వాళ్ళకు నిజంగా పనికొస్తుంది?

కరీంనగర్ యౌవనస్తురాలు | సెప్టెంబరు 8, రాత్రి 9:20

అందరికీ వందనాలు. మాది కరీంనగర్. మా సంఘం యౌవనస్తుల కూటమి నుంచి పద్నాలుగు మందిమి దసరా సెలవుల్లో నర్సంపేట వైపు ఒక పిల్లల హోముకు ఐదు రోజులు వెళ్దామనుకున్నాం. ముప్పై రెండు మంది పిల్లలు ఉంటారట, ఆరేళ్ళ వాళ్ళ నుంచి పదో తరగతి వరకు.

మేము వేసుకున్న పథకం ఇది: మొదటి రోజు పరిచయాలు, ఆటలు. రెండో రోజు బైబిలు కథలు, అభినయ గీతాలు. మూడో రోజు బొమ్మలు వేయించడం. నాలుగో రోజు పిల్లలందరినీ రామప్ప గుడి, లక్నవరం చెరువు తిప్పి తీసుకురావడం. చివరి రోజు బిర్యానీ, కొత్త బట్టలు, ఫోటోలు. ఇంతవరకు అరవై వేల రూపాయలు పోగయ్యాయి.

నిన్న రాత్రి అన్నం తింటుంటే మా అమ్మ ఒక మాట అంది. "ఐదు రోజులు ముద్దు చేసి ఆరో రోజు మీరు బస్సెక్కితే, ఆ తర్వాత ఆ పిల్లల సంగతి ఏమిటే?" నా దగ్గర జవాబు లేదు. పొద్దుటి నుంచి అదే మాట తొలుస్తోంది. ఇలాంటి చోట పనిచేసినవాళ్ళు, పెరిగినవాళ్ళు ఇక్కడ ఉంటే చెప్పండి. నొచ్చుకుంటానని మొహమాటపడకండి.

కాజీపేట లోకో | సెప్టెంబరు 8, రాత్రి 10:05

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పమ్మా. సరైన చోట పట్టుకుంది.

ఓరుగల్లు సామాజిక కార్యకర్త | సెప్టెంబరు 9, ఉదయం 7:30

బాలల పరిరక్షణ రంగంలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ముందుగా చూసుకోవలసినవి చెబుతాను. ఇవి కాగితాల గొడవలా కనిపిస్తాయి కానీ పిల్లల భద్రత మొత్తం వీటి మీదే నిలుస్తుంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి. అది 41వ సెక్షను. ఆ నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది. ప్రభుత్వం నడిపినా, సంఘం నడిపినా, ఒక దైవసేవకుడు తన ఇంట్లోనే నడిపినా మినహాయింపు లేదు. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఫోను చేసినప్పుడే మర్యాదగా అడగండి: "మీ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పటి వరకు ఉంది? పిల్లలు బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుల మీదే వచ్చారా?" ఆ సమితిలో ఒక అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు ఉంటారు. ఏ బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వాళ్ళే. సక్రమంగా నడిచే హోము ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. నొచ్చుకుంటే ఆ గేటు దాటకండి.

ఫోటోల సంగతి. అదే చట్టంలో 74వ సెక్షను ఉంది. సంరక్షణ అవసరమైన బిడ్డ ఫోటో గానీ, పేరు, బడి, ఊరు వంటి గుర్తుపట్టే వివరాలు గానీ ప్రచురించకూడదు. ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. ఫోన్లో పెట్టే స్టేటస్ కూడా నలుగురికీ చూపించేదే. మీ పథకంలో చివరి రోజు ఫోటోలన్నారు, అది ఈరోజే కొట్టేయండి.

ఇంకొకటి. మీలో ఎవరూ, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, ఏ బిడ్డతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. రాత్రి మీ పడక వేరే చోట. ఏదైనా తేడా కనిపిస్తే లోలోపల సర్దేయకుండా 1098కి ఫోను చేయండి.

లక్నవరం వద్దు. ముప్పై రెండు మంది పిల్లలు, పేర్లు కూడా సరిగా తెలియని పద్నాలుగు మంది కొత్తవాళ్ళు, చుట్టూ నీళ్ళు. ఆలోచించండి.

సికింద్రాబాద్ సహోదరుడు | సెప్టెంబరు 9, ఉదయం 9:10

వందనాలు. పైన రాసిన వారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. మా బృందం పన్నెండేళ్ళుగా ప్రతి డిసెంబరులో ఇలాంటి హోములకు వెళ్తోంది. మేము వెళ్ళగానే పిల్లలు గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఆ సంతోషం అబద్ధం కాదు కదా. ఏడాదిలో ఒక్క రోజైనా వాళ్ళకు పండుగ చేయడం తప్పెలా అవుతుంది? చట్టాలు చెప్పి భయపెడితే ఉన్న నలుగురూ ఇంట్లో కూర్చుంటారు. ఇక ఫోటోల మాట. కానుక ఇచ్చినవారికి లెక్క చెప్పాలి. ఫోటో లేకపోతే మేము నిజంగా వెళ్ళామని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఫ్యూజు తీగ | సెప్టెంబరు 9, రాత్రి 11:40

నేను ఆరేళ్ళ వయసు నుంచి పదిహేడేళ్ళ వరకు ఇలాంటి హోములోనే పెరిగాను. ఇప్పుడు హనుమకొండలో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. సాయంత్రం నుంచి రాయాలా వద్దా అని ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

సహోదరా, మేము గేటు దగ్గరికి పరుగెత్తిన మాట నిజమే. సంతోషమూ నిజమే. కానీ దాని వెనుక ఏముండేదో చెబుతాను, వినండి.

వచ్చిన ప్రతి బృందమూ అదే అభినయ గీతం నేర్పేది. చేతులు పైకి, చేతులు కిందికి, ఒక గెంతు, ఒక చప్పట్లు. ఒక ఏడాది డిసెంబరులో ఐదు సార్లు నేర్చుకున్నాం. ప్రతిసారీ రానట్టే మొదలుపెట్టేవాళ్ళం. "వచ్చని చెబితే అన్నయ్యలు చిన్నబుచ్చుకుంటారు" అని మా పెద్ద పిల్లలు మాకు చెప్పేవాళ్ళు, మేము మా తర్వాత వచ్చినవాళ్ళకు చెప్పేవాళ్ళం. ఏడెనిమిదేళ్ళ పిల్లలం, వచ్చినవాళ్ళ మనసు నొప్పించకుండా చూసుకోవడం మా పనైంది.

ఒక అన్నయ్య వెళ్తూ "ప్రతి ఆదివారం ఫోను చేస్తాను" అన్నాడు. ఫోను ఆఫీసు గదిలో ఉండేది. ఆరాధన కాగానే ఆ గది ముందు మెట్టు మీద కూర్చునేవాడిని, అన్నం గంట కొట్టేదాకా. ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో లెక్క లేదు. ఆ అన్నయ్య చెడ్డవాడు కాడు, చదువుల్లో పడి మర్చిపోయి ఉంటాడు. కానీ ఆ తర్వాత ఎవరు దగ్గరికి తీసుకున్నా ఒళ్ళు బిగుసుకుపోయేది నాకు. పెళ్ళయి నాలుగేళ్ళయింది. మా ఆవిడ ఊరికి వెళ్తే ఇప్పటికీ ఫోను చేతిలో పెట్టుకునే పడుకుంటాను.

మరొకాయన ఉండేవారు. రెండో శనివారం వచ్చేవారు. పాటలు లేవు, ప్రసంగం లేదు. పోయిన ట్యూబులైట్లు మార్చేవారు, మోటారు చూసేవారు, మధ్యాహ్నం మాకు జుట్టు కత్తిరించేవారు. ఎక్కువ మాట్లాడేవారు కారు. వానొచ్చినా వచ్చేవారు. రాలేని నెల ముందే చెప్పి వెళ్ళేవారు. ఫ్యూజు కట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నన్ను ఎప్పుడూ ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు, అయినా నావాడనిపించినది ఆయన ఒక్కడే.

ఇంకో మాట. "అనాథ పిల్లలు" అని బ్యానరు రాయించకండి. మా అమ్మ అప్పుడు బతికే ఉంది. నాన్న పోయాక పత్తి ఏరుడు కూలితో ముగ్గురిని సాకలేక నన్ను అక్కడ ఉంచింది. ఆ బ్యానరు చదవడం వచ్చిన రోజు నేను మా అమ్మ చనిపోయిందేమోననుకుని ఏడ్చాను.

ములుగు నర్సు | సెప్టెంబరు 10, ఉదయం 6:15

తమ్ముడూ, డ్యూటీ దిగి చదివాను. రాసినందుకు చాలా సంతోషం.

జనగామ సంఘకాపరి | సెప్టెంబరు 10, మధ్యాహ్నం 2:00

ఈ చర్చ చదువుతూ నా పాత పరిచర్య గుర్తు చేసుకుని సిగ్గుపడ్డాను. నేనూ అలాంటి బ్యానర్లు కట్టించినవాణ్ణే.

మనమందరం యాకోబు పత్రిక ఒకటో అధ్యాయం 27వ వచనం పట్టుకునే బయలుదేరుతాం, దిక్కులేని పిల్లలను పరామర్శించమన్న మాట. పరామర్శ అనగానే మనకు ఆస్పత్రికి పళ్ళు పట్టుకెళ్ళి పది నిమిషాలు కూర్చుని రావడం గుర్తొస్తుంది. అక్కడున్న గ్రీకు మాటకు దగ్గరుండి చూసుకోవడం, బాధ్యత తీసుకోవడం అనే అర్థం ఉంది. సంఘానికి అధ్యక్షుడు అనే అర్థమిచ్చే గ్రీకు మాట కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. అంటే చూసి రమ్మని కాదు, చూసుకొమ్మని.

మనకు దగ్గరలోనే డోర్నకల్ ఉంది. అక్కడ బిషప్పుగా పనిచేసిన అజరయ్యగారు 1912లో ఆ పదవికి అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో, పడమటి దేశాల పెద్దలందరి ముందు నిలబడి ఆయన ఒకటే అడిగారు. మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. సహాయం పుచ్చుకునే వైపు నుంచి వచ్చిన మాట అది. పైన తమ్ముడు రాసింది చదివితే నాకు అదే వినిపించింది.

అమ్మా, వెళ్ళండి. మానేయమని నేను చెప్పను. కానీ ఐదు రోజుల పథకం చింపేసి, రెండేళ్ళ పథకం రాయండి. అందులో మొదటి మూడు రోజులే ఈ ప్రయాణం అనుకోండి.

ఆ పిల్లల్లో హిందువుల ఇళ్ళ నుంచి వచ్చినవారు, ముస్లింల ఇళ్ళ నుంచి వచ్చినవారు ఉండవచ్చు. అన్నం పెట్టిన చేత్తో ప్రార్థన చేయించుకోకండి. బతుకమ్మ ఆడుకుంటామని ఆడపిల్లలు అడిగితే పూలు తెచ్చిపెట్టండి. వాళ్ళ అమ్మలతో వాళ్ళకు మిగిలిన ముడి అదొక్కటే కావచ్చు. మీ విశ్వాసం మీ పనిలో కనిపిస్తే చాలు.

హుజూరాబాద్ లెక్కల మాస్టారు | సెప్టెంబరు 10, సాయంత్రం 5:45

నేను లెక్క ఒకటి వేస్తాను. తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర ఉన్న పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి.

మీ అరవై వేలను నాలుగు వేలతో భాగించండి. పదిహేను. ఒక బిడ్డ పదిహేను నెలలు తన ఇంట్లో, తన అమ్మ పక్కన పడుకునే ఖర్చు అది. బిర్యానీ, కొత్త బట్టలు, బస్సు అద్దె వేసుకునే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి. మా బడిలో ప్రతి ఏడాది పత్తి ఏరే రోజుల్లో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. కొందరు తిరిగొస్తారు, కొందరిని ఏదో హోములో చేర్చారని తెలుస్తుంది. ఆ తల్లులకు ఈ దరఖాస్తు సంగతి చెప్పినవాళ్ళే లేరు.

పరకాల పాత వార్డెన్ | సెప్టెంబరు 10, రాత్రి 8:30

మాస్టారుగారి లెక్క సరైనదే. కానీ ఇంటికి పంపలేని పిల్లలు కూడా ఉంటారండీ. ఇల్లే భయమైన పిల్లలు ఉంటారు. వాళ్ళ కోసం హోము ఉండాలి, అది బాగుండాలి. పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

అమ్మాయీ, మొదట తేదీలు మార్చుకో. దసరాకు పిల్లల్లో సగం మందికి పైగా మేనమామలు, అమ్మమ్మలు వచ్చి తీసుకెళ్తారు. మిగిలేది ఎవరూ రాని పిల్లలు. గేటు దగ్గర కూర్చుని ఒక్కొక్కరు వెళ్ళిపోవడం చూస్తుంటారు. ఆ రోజుల్లో పద్నాలుగు మంది గోలగా దిగితే వాళ్ళకు అది పండుగ కాదు.

డిసెంబరు కూడా వద్దు. ఒక క్రిస్మస్‌కు మాకు పదకొండు కేకులు వచ్చాయి. మూడు పాడయ్యాయి. అదే జూన్లో బడి తెరిచేనాటికి నోటు పుస్తకాల కోసం నేను దుకాణంలో అప్పు పెట్టాను. ఫంక్షన్లలో మిగిలిన అన్నం రాత్రి పదింటికి తెచ్చి, నిద్రపోయిన పిల్లలను లేపమనేవారు. భోజనం వడ్డించి, ఫోటో తీసేవరకు ఎవరూ ముద్ద ఎత్తకూడదనేవారు. ఆకలితో ఉన్న బిడ్డ చేయి కంచం మీద ఆగి ఉండటం నేను చూశాను. అది నాకు మర్చిపోవడం చేతకాదు.

ఇక ఏం చేయాలంటావా? వార్డెనుకు ఫోను చేసి "పిల్లలకు ఏం కావాలి" అని అడగకు. "మీకు ఏ పని మిగిలిపోయింది" అని అడుగు. నన్నెవరైనా అలా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో రాస్తాను. ఆడపిల్లల స్నానాల గదులకు లోపలి గడియలు. రెండేళ్ళు అడిగాను, కేకులు వచ్చాయి గానీ గడియలు రాలేదు. పిల్లలు ఒకరికొకరు తలుపు పట్టుకుని కాపలా ఉండేవారు. ఆ తర్వాత మా వంటమ్మకు సెలవు. కూతురు కాన్పుకు వెళ్ళాలని ఏడ్చింది, పంపలేకపోయాను, ముప్పై మందికి వండేది ఎవరు? ఆధార్ కార్డులో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉన్న పిల్లలు తొమ్మిది మంది. మీసేవ చుట్టూ తిరగడానికి నాకు పూట దొరికేది కాదు. కుల ధ్రువపత్రం లేక ఒక పిల్ల స్కాలర్‌షిప్ పోయింది.

మీలో కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఉంటారు కదా. ఆ కాగితాలు సరిచేయించడం పెద్ద సేవ. అయితే అవి పిల్లల సొంత సంగతులు, వార్డెను పక్కనే కూర్చుని చేయించాలి, బయట నోరు మెదపకూడదు.

ములుగు నర్సు | సెప్టెంబరు 11, ఉదయం 6:40

నాదొక మాట. ఎక్కువ మంది ఒకే గదిలో పడుకునే చోట గజ్జి తరచుగా ఉంటుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు, రాత్రి దురద ఎక్కువ. నిద్ర చాలని పిల్లలు బడిలో తూగుతారు, చదువు రావట్లేదని దెబ్బలు తింటారు.

మందు కొత్తదేమీ కాదు, పెర్మెత్రిన్ పూత. కానీ ఒక్క బిడ్డకు రాస్తే లాభం లేదు, పక్క మంచం నుంచి మళ్ళీ వస్తుంది. హోములో ఉన్న అందరికీ, దురద లేనివాళ్ళకు కూడా, వంటమ్మకు, ఆయాకు కూడా ఒకే రోజు రాయాలి. మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ళ కింద కూడా. రాత్రంతా ఉంచి పొద్దున స్నానం. ఏడో రోజు మళ్ళీ ఒకసారి. అదే రోజు దుప్పట్లు, తువ్వాళ్ళు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి సంచిలో గట్టిగా మూట కట్టి నాలుగు రోజులు పక్కన పెట్టాలి. ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, భయపడకండి.

ఇద్దరు ఆయాలతో ఇది ఎలా అవుతుంది? అరవై దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? ఇక్కడ పద్నాలుగు మంది కావాలి! ముందుగా డాక్టరు చూసి నిర్ధారించాలి, మందు మోతాదు ఆయన రాయాలి. పూత ఆయాలు, వార్డెను రాయాలి, మీరు కాదు. మీది నీళ్ళు, దుప్పట్లు, పొయ్యి. సెలవుల నుంచి అందరూ తిరిగొచ్చిన వారంలో చేస్తే ఇళ్ళ నుంచి తెచ్చుకున్నది కూడా పోతుంది. నేను ఒక రోజు సెలవు పెట్టి వస్తాను.

కాజీపేట లోకో | సెప్టెంబరు 11, ఉదయం 10:20

ఖర్చు తగ్గించుకోండి. అద్దె బస్సు ఎందుకు? మీలో ఆడపిల్లలు ఎంతమంది? మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకు టిక్కెట్టు లేదు. కరీంనగర్ నుంచి హనుమకొండ, అక్కడి నుంచి నర్సంపేట. ఆధార్ చేతిలో ఉంటే చాలు. మిగిలిన డబ్బు గడియలకు, మందులకు.

ఫ్యూజు తీగ తమ్ముడూ, నాకు రిటైర్మెంటు అయి మూడేళ్ళు. పనిముట్ల పెట్టె అటక మీద తుప్పు పడుతోంది. గడియలు బిగించడానికి మనిద్దరం వెళ్దామా?

ఫ్యూజు తీగ | సెప్టెంబరు 11, రాత్రి 10:55

బయటికొచ్చాక నేను ఏ హోములోనూ అడుగు పెట్టలేదు అంకుల్. రెండు రోజులు టైము ఇవ్వండి.

సికింద్రాబాద్ సహోదరుడు | సెప్టెంబరు 12, ఉదయం 8:00

తమ్ముడు రాసింది మా బృందం మొత్తానికి చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. డిసెంబరు యాత్ర పూర్తిగా మానేయడానికి మాలో కొందరు ఒప్పుకోవడం లేదు, నాకూ మనసు రావడం లేదు. దాని గురించి ఇంకా ప్రార్థిస్తున్నాం. కానీ కానుకల లెక్క ఎలా చూపాలో చెప్పండి, ఆ చిక్కు నిజమైనది.

పరకాల పాత వార్డెన్ | సెప్టెంబరు 12, ఉదయం 9:30

గడియ ఫోటో తీయండి. బిల్లు ఫోటో తీయండి. తీగ మీద ఆరేసిన దుప్పట్ల వరస తీయండి. ఇచ్చినవారు బిడ్డ ముఖమే చూపించాలని పట్టుబడితే, ఆ ప్రశ్న వారినే అడగండి, మీ అబ్బాయి అన్నం తింటుండగా తీసి నా ఫోన్లో పెట్టుకోవచ్చా అని.

ఫ్యూజు తీగ | సెప్టెంబరు 13, రాత్రి 9:15

అంకుల్, వస్తాను. డ్రిల్లు నా దగ్గర ఉంది. గడియలు అల్యూమినియంవి కొనకండి, వంగిపోతాయి. స్టీలువి, ఆరు అంగుళాలవి.

కరీంనగర్ యౌవనస్తురాలు | సెప్టెంబరు 15, రాత్రి 9:00

ఎవరికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈరోజు ఆరాధన తర్వాత అందరం కూర్చున్నాం. గొడవ కూడా అయింది. "పిల్లలతో ఆడుకోకపోతే ఇక వెళ్ళడం దేనికి" అని ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. పన్నెండు మందిమి మిగిలాం.

వార్డెనుగారికి ఫోను చేసి "మీకు ఏ పని మిగిలిపోయింది మేడమ్" అని అడిగాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "లైనులో ఉన్నారా" అంటే "ఉన్నానమ్మా, ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నాను" అన్నారు. రిజిస్ట్రేషన్ పత్రం అడిగితే మురిసిపోయి ఫోటో పంపారు. సెలవుల తర్వాత మొదటి శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఖాయం చేసుకున్నాం.

కరీంనగర్ యౌవనస్తురాలు | అక్టోబరు 24, రాత్రి 8:10

వెళ్ళి వచ్చాం. అన్నీ అనుకున్నట్టు జరగలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

శుక్రవారం డాక్టరుగారు వచ్చి చూశారు. పందొమ్మిది మందికి గజ్జి ఉంది. నర్సక్క చెప్పినట్టే ఆ రాత్రి అందరికీ ఆయాలు, వార్డెనుగారు పూత రాశారు. శనివారం తెల్లవారుజామున కట్టెల పొయ్యి మీద రెండు పెద్ద గుండిగల్లో నీళ్ళు కాచి దుప్పట్లు మొదలుపెట్టాం. అరవై నాలుగు దుప్పట్లు. తడిసిన దుప్పటి అంత బరువుంటుందని నాకు తెలియదు, ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండితే గానీ నీళ్ళు దిగడం లేదు. పదకొండింటికి ట్యాంకు ఖాళీ. కరెంటు పోయింది, మోటారు లేదు. సబ్బు నురగతో ఇరవై దుప్పట్లు నేల మీద, పిల్లల స్నానాలు సగం. ఆ లెక్క మేము ముందే వేసుకోవాలి, వేసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాం.

పక్క చేను రైతు చూసి తన బావి దగ్గరికి రమ్మన్నాడు. చేతి తాడుతో తోడి అక్కడే జాడించాం. ఆరేయడానికి చోటు చాలక పత్తి చేను కంచె పొడవునా వేశాం. సాయంత్రం తీస్తుంటే దుప్పట్ల నిండా పత్తి పొట్టు, ఎండుటాకులు అంటుకున్నాయి. వాటిని దులపడానికి మాత్రం పిల్లలు వచ్చారు, వద్దన్నా ఆగలేదు. ఆ ఒక్క గంట ఆటలాగే గడిచింది, మేము ఆడించింది కాదు.

వంటమ్మను మూడు రోజులు వాళ్ళ ఊరికి పంపాం. మా వంట మొదటి పూట బాగా లేదు. పప్పు మాడింది. పెద్ద పిల్లలు "ఏం ఫరవాలేదక్కా" అన్నారు. నాకు ఫ్యూజు తీగ అన్నయ్య రాసిన అభినయ గీతం గుర్తొచ్చి, "లేదు, మాడింది, మీరు చెప్పాలి" అన్నాను. అప్పుడు ఒకడు మెల్లగా "చాలా మాడిందక్కా" అన్నాడు. అందరూ నవ్వారు.

గడియల సంగతి చెప్పాలి. కాజీపేట అంకుల్, అన్నయ్య కలిసి స్నానాల గదులకు ఆరు బిగించారు. మొదటిది అవగానే తొమ్మిదేళ్ళ పాప ఒకతె లోపలికెళ్ళి గడియ వేసుకుంది. తీసింది. మళ్ళీ వేసింది. బయట నిలబడి మేము ఆ చప్పుడు వింటున్నాం, టక్కున వేయడం, టక్కున తీయడం, పది పన్నెండు సార్లు. తర్వాత బయటికొచ్చి ఏమీ మాట్లాడకుండా రెండో గది దగ్గరికెళ్ళి కూర్చుంది, అది ఎప్పుడు బిగిస్తారా అని.

మావాళ్ళలో ఒకబ్బాయి ఒక బాబును ఎత్తుకుని ఫోటో తీసుకున్నాడు. వార్డెనుగారు చూశారు. అక్కడే తీసేయించాం, అతను క్షమాపణ అడిగాడు. ఆదివారం బయలుదేరేటప్పుడు ఒక పాప నా చున్నీ పట్టుకుని "మళ్ళీ ఎప్పుడొస్తావు" అంది. రేపే అనడానికి నోరు లేచింది. ఆపుకుని, క్యాలెండరు దగ్గరికి తీసుకెళ్ళి నవంబరు రెండో శనివారం చూపించాను. ఆ తేదీ చుట్టూ తనే పెన్సిలుతో గీత గీసింది.

అరవై వేలలో ఇరవై మూడు వేలు ఖర్చయ్యాయి. మిగిలినది మా సంఘంలో విడిగా ఖాతా పెట్టి ఉంచాం. ఇక నెలకు నలుగురమే వెళ్తాం, మిగతావాళ్ళు వంతులవారీగా. ఆధార్ తేడాలు ఏడుగురికి ఉన్నాయి, వార్డెనుగారితో కూర్చుని రెండు పూర్తి చేశాం. ఇంటికి వెళ్ళే వీలున్న పిల్లలు ముగ్గురు ఉన్నారట. మాస్టారుగారూ, స్పాన్సర్‌షిప్ దరఖాస్తు వార్డెనుగారు వేస్తానన్నారు, మీరు ఒకసారి ఆమెతో మాట్లాడగలరా?

హుజూరాబాద్ లెక్కల మాస్టారు | అక్టోబరు 24, రాత్రి 8:50

తప్పకుండా అమ్మా. పదో తరగతి పిల్లలు ఎంతమంది? లెక్కలు నెలకొకసారి నేనూ వచ్చి చెబుతాను, పరీక్షలయ్యేదాకా.

ఫ్యూజు తీగ | అక్టోబరు 24, రాత్రి 10:30

ఆ మోటారు స్టార్టరు పాతది, ఎప్పుడైనా పోతుంది. చూసి వచ్చాను. రెండో శనివారం మారుస్తాను. అక్కడ ఒక పిల్లాడు నా వెనకే తిరిగాడు, టెస్టరు అడిగాడు. ఇచ్చి వచ్చాను, తిరిగి తీసుకుంటానని చెప్పాను.

ములుగు నర్సు | అక్టోబరు 24, రాత్రి 11:10

రెండోసారి మందు రాయడం మర్చిపోలేదు కదా? ఏడో రోజు అన్నాను. శుక్రవారం రాశారంటే రేపే.

కరీంనగర్ యౌవనస్తురాలు | అక్టోబరు 24, రాత్రి 11:25

గుర్తుంది అక్కా. వార్డెనుగారికి సాయంత్రం ఫోను చేశాను, ఈసారి నీళ్ళు ఈ రాత్రే పట్టి ఉంచుతున్నారు. మేము ఇద్దరం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాం.